4.62 దూకిన పాప, 6.83 దూకిన అంజూ: లాంగ్ జంప్‌లో బతుకు ఎలా ఉంటుంది?

చెల్లెమ్మా,

గాజువాక నుంచి మీరు అడిగింది ఇదీ. పాపకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. స్కూలు స్పోర్ట్స్‌లో 4.62 మీటర్లు దూకింది. పీఈటీ మాస్టారు "ఇది మరో అంజూ బాబీ జార్జ్ అవుతుంది, వెంటనే కోచింగ్‌లో వేసేయండి, చదువు సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నారు. మీ అత్తగారేమో "ఇరవయ్యేళ్లకి పెళ్లి చేసి పంపాల్సిన పిల్లకి ఈ గెంతులెందుకు" అన్నారు. ఇద్దరి మధ్యా మీకు నిద్ర పట్టట్లేదు. ఒక ఛాంపియన్ జంపర్ జీవితం అసలు ఎలా నడుస్తుంది, ఎన్నేళ్లు నడుస్తుంది, మా పిల్లని అందులోకి దింపాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

నేను వాల్తేరు పిల్లని. పద్దెనిమిదేళ్లు దూకాను. మొదట యూనివర్సిటీకి, తర్వాత ఉద్యోగమిచ్చిన చోటికి. జాతీయ స్థాయిలో ఫైనల్స్ దాకా వెళ్లాను, పతకం ముట్టుకోలేదు. ఇప్పుడు పొద్దున్నే ఇరవైమంది ఆడపిల్లల్ని పరిగెత్తిస్తుంటాను. కాబట్టి నేను చెప్పేది పోడియం మీద నిలబడ్డ మనిషి మాట కాదు, కింద నిలబడి చూసినదాని మాట. ఒక్కోసారి కిందినుంచే బాగా కనిపిస్తుంది లెండి.

మాస్టారు అంజూ పేరు ఎత్తారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడదాం. ఆమె పేరు అందరికీ తెలుసు. ఆమె ఏ ఏడు ఏం చేసిందో మాత్రం చాలామందికి తెలీదు.

అంజూ 1977లో కేరళలోని చంగనాస్సేరిలో పుట్టింది. ఆటలోకి తీసుకొచ్చింది తండ్రి. మొదట ఆడింది లాంగ్ జంప్ ఒక్కటే కాదు, హెప్టాథ్లాన్. అంటే హర్డిల్స్, హై జంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్ జంప్, జావెలిన్, 800 మీటర్లు, ఏడూ ఒకే మనిషి. 1996లో పందొమ్మిదేళ్లప్పుడు ఆసియా జూనియర్స్‌లో లాంగ్ జంప్ పతకం తెచ్చుకుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లాల్సింది, చీలమండ గాయంతో ఆగిపోయింది. సరిగ్గా ఆ వయసులోనే మన దగ్గర పిల్లలు ఆట వదిలేసేది. ఆమె వదల్లేదు. భర్త బాబీ జార్జ్ ట్రిపుల్ జంప్‌లో జాతీయ ఛాంపియన్, వాలీబాల్ ఆటగాడు జిమ్మీ జార్జ్‌కి తమ్ముడు. తన ఆట పక్కన పెట్టి ఈమెకి కోచ్ అయ్యాడు. 2001లో తిరువనంతపురంలో 6.74 దూకింది.

ఆ తర్వాతివి మీరు పేపర్లో చదివే ఉంటారు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం, 6.49. అదే ఏడు బూసాన్ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 6.53. 2003లో అమెరికా వెళ్లి మైక్ పావెల్ దగ్గర శిక్షణ తీసుకుంది. 1991లో టోక్యోలో 8.95 దూకిన ఆ మహానుభావుడే, మగవాళ్ల ప్రపంచ రికార్డు ఇంకా అతనిదే. ఆ ఆగస్టులో పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 6.70తో కాంస్యం. ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో భారతదేశానికి వచ్చిన మొట్టమొదటి పతకం అది. ఫ్రాన్స్‌కి చెందిన యూనిస్ బార్బర్ 6.99తో గెలిచింది, రష్యా అమ్మాయి కొతోవా 6.74తో రెండోది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అంజూ 6.83 దూకింది, జాతీయ రికార్డు. ఆరో స్థానం వచ్చింది. తర్వాత మరియన్ జోన్స్ ఫలితాలు డోపింగ్ వల్ల కొట్టేశారు కాబట్టి అయిదోది అయింది. 2005లో ఇంచియాన్ ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 6.65తో స్వర్ణం. ఆ ఏడే మొనాకోలో వరల్డ్ అథ్లెటిక్స్ ఫైనల్‌లో 6.75తో రజతం. అక్కడ మొదటి స్థానంలో ఉన్న కొతోవా కూడా ఏళ్ల తర్వాత డోపింగ్‌లో దొరకడంతో రజతం స్వర్ణమైంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 6.52తో రజతం.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఈ అంకెల్ని ఒకదాని కింద ఒకటి రాయండి. పాప చేత రాయించండి, ఇంకా మంచిది. 6.49 పతకం. 6.53 పతకం. 6.70 పతకం. 6.65 పతకం. 6.75 పతకం. 6.52 పతకం. అన్నిటికన్నా దూరం దూకిన 6.83 ఉంది చూశారా, దానికి మాత్రం పతకం లేదు!

పారిస్‌లో 6.70కి ప్రపంచ కాంస్యం. ఏడాది తిరక్కుండా ఏథెన్స్‌లో 13 సెంటీమీటర్లు ఎక్కువ దూకితే ఆరో స్థానం. ఆ రోజు ఇసక పిట్ దగ్గర పోటీకి ఇంకెవరున్నారన్నది మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్నదల్లా ఎక్కడికి వెళ్లినా, గాలి ఎటు వీచినా, కడుపునొప్పి ఉన్నా, మన దూరానికి కాస్త అటూ ఇటూగా దూకగలగడం. అంజూ చేసింది అదే, ఏళ్లపాటు. ఆమె గొప్పతనం 6.83లో కన్నా ఆ 6.49, 6.52ల్లో ఎక్కువ ఉందని నా అభిప్రాయం. వాళ్లూ వీళ్లూ ఒప్పుకోరు, నాకు పర్లేదు.

అందుకే మీ పాప 4.62 గురించి నేనేమీ అనను. మంచి దూరమే. కానీ నేనడిగేది వేరు. ఆ రోజు ఎన్నిసార్లు దూకింది? మిగతావి ఎంత? ఎన్ని ఫౌల్ అయ్యాయి? 4.62, 4.55, 4.58 అయితే నాకు కుర్చీలోంచి లేవాలనిపిస్తుంది. 4.62, ఫౌల్, 4.10 అయితే అది పిల్ల ఉషారు, అంతే. ఉషారు తప్పు కాదనుకోండి.

ఫౌల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టీవీలో చూసేవాళ్లకి గాల్లో ఎగరడమే కనిపిస్తుంది. దూకేముందు కాలు మోపే టేకాఫ్ బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు, జానెడు. ముప్పై, నలభై మీటర్ల అవతలనుంచి ఒంట్లో ఉన్న వేగమంతా పెట్టి పరిగెత్తుకొచ్చి పాదం ఆ జానెడులో వెయ్యాలి. బోర్డు చివర గీత దాటితే ఎర్రజెండా. గీతకి జానెడు ముందే వేస్తే ఆ జానెడు నష్టం, ఎందుకంటే కొలిచేది గీతనుంచి గానీ పాదంనుంచి కాదు. పెద్ద పోటీల్లో అందరికీ మూడు దూకుళ్లు, ఆ తర్వాతివి ముందున్నవాళ్లకే. మొదటి మూడూ ఫౌల్ అయితే ఏడు మీటర్లు దూకేదైనా సంచి సర్దుకోవాల్సిందే.

ప్రపంచ స్థాయి ఆడవాళ్లు బోర్డు దగ్గరికి వచ్చేసరికి సెకనుకి 9 మీటర్లకు పైగా వేగంలో ఉంటారు. పాదం బోర్డు మీద ఉండేది సెకనులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ. ఆ కాస్తలో ఒంటి బరువుకి ఎన్నో రెట్ల ఒత్తిడి ఒంటికాలి మీద పడుతుంది. దానికి ముందు రెండు అడుగులున్నాయే, ఆట మొత్తం అక్కడే ఉంది. చివరిదానికి ముందు అడుగు కొంచెం బారుగా పడి నడుము కాస్త కిందికి దిగాలి, ఆఖరి అడుగు పొట్టిగా, చురుగ్గా పడాలి. బోర్డు కోసం కిందికి చూస్తే వేగం చస్తుంది. చూడకుండా వెయ్యాలంటే ప్రతిరోజూ ఒకేలా పరిగెత్తే అలవాటు ఉండాలి. అందుకే మా పిల్లలు వారంలో నాలుగు రోజులు రనప్, అంటే బోర్డు దాకా ఆ పరుగు, చేస్తారు, ఇసకలోకి దూకేది ఒకటి రెండు రోజులే. తల్లిదండ్రులు గట్టు మీద కూర్చుని "ఏటమ్మా, దూకించరేటి?" అంటారు. ఇదే దూకించడం, బాబూ!

ఇంకో మాట. స్కూళ్లలో పిల్లలకి "పైకి ఎగురు, పైకి ఎగురు" అని నేర్పిస్తారు. 45 డిగ్రీల కోణంలో లేస్తే ఎక్కువ దూరం పోతుందని లెక్కల పుస్తకంలో చదివిన ప్రభావమేమో. నిజానికి మంచి జంపర్లు బోర్డునుంచి లేచే కోణం ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకన్నా పైకి లేవాలంటే వేగం తగ్గించుకోవాలి, వేగం తగ్గితే దూరం పోతుంది. లాంగ్ జంప్ సగానికి పైగా పరుగు పందెమే. మీ పాప వంద మీటర్లు ఎంతలో పరిగెడుతుందో మాస్టారిని అడిగారా?

ఇక గాలి. మన విశాఖలో మీకు చెప్పక్కర్లేదు, పదకొండు దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి జెండాలు తెగేలా కొడుతుంది. ఎదురుగాలిలో అడుగు పొట్టి అవుతుంది, వెనకగాలిలో బారవుతుంది. పొద్దున్న ఆరింటికి పెట్టుకున్న చెక్ మార్క్, అంటే పరుగుకి పెట్టుకునే గుర్తు, సాయంత్రం నాలుగింటికి పనికిరాదు, అర అడుగు వెనక్కో ముందుకో జరపాలి. ఇది నేర్చుకోడానికి విశాఖకి మించిన ఊరు లేదు. గాలి లేని ఊళ్లో పెరిగిన పిల్లలు ఇక్కడికొచ్చి మూడు ఫౌల్స్ చేసుకుని వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

గాలికి రూలు కూడా ఉంది. బోర్డుకి 20 మీటర్ల దూరంలో గేజ్ పెట్టి కొలుస్తారు. వెనకనుంచి సెకనుకి 2 మీటర్లు దాటి వీస్తే ఆ దూరం పోటీలో చెల్లుతుంది గానీ రికార్డుగా చెల్లదు. ఈ రూలు ఎంత కఠినమో మన ఊరి పిల్లనే అడగాలి. జ్యోతి యర్రాజీ జంపర్ కాదు, వంద మీటర్ల హర్డిల్స్, కానీ గాలి రూలు అదే. 2022లో కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో జాతీయ రికార్డుకన్నా వేగంగా పరిగెత్తింది, గాలి 2.1. జాతీయ రికార్డు పోయింది, సెకనుకి 10 సెంటీమీటర్ల గాలికి! అంతకుముందు 2020లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 పరిగెడితే అక్కడ డోప్ టెస్ట్ జరగలేదు కాబట్టి అదీ లెక్కకి రాలేదు. అదే నేనైతే కూలబడి ఏడ్చేదాన్ని. ఆ పిల్ల 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తి, 2002నుంచీ అనురాధా బిశ్వాల్ పేరు మీదున్న 13.38ని చెరిపేసింది. ఆలోచించండి, తను అంతకుముందే రెండుసార్లు పరిగెత్తిన టైముకన్నా ఇది నెమ్మది, కానీ చెల్లింది ఇదే. మళ్లీ అంజూ అంకెల కథే.

జ్యోతి గురించి మీరు తప్పకుండా తెలుసుకోవాలి, అంజూ కన్నా ఆమె మీకు దగ్గర. విశాఖలో పుట్టింది, పోర్టు హైస్కూల్లో చదివింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలోనూ ఆస్పత్రిలోనూ పని చేసేది. ఎత్తు చూసి స్కూలు పీఈటీనే ముందు గుర్తుపట్టారు. తర్వాత హైదరాబాదులో ఎన్. రమేశ్ గారి దగ్గరికి, అక్కణ్ణుంచి గుంటూరు, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గరికి. జాతీయ రికార్డు వచ్చేసరికి ఆమెకి ఇరవై రెండేళ్లు. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం, 2024లో పారిస్ ఒలింపిక్స్. ఆ ఈవెంట్‌లో ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి భారతీయురాలు మన విశాఖ అమ్మాయి. పదమూడేళ్లకి ఆమె ఎవరికీ తెలీదు. అంజూ కూడా అంతే. ప్రపంచ పతకం వచ్చినప్పుడు అంజూకి ఇరవై ఆరు, 6.83 దూకినప్పుడు ఇరవై ఏడు. జర్మనీ జంపర్ హైకే డ్రెక్స్‌లర్ సిడ్నీలో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది ముప్పై అయిదేళ్లకి.

అంటే మీ పాపకి ఇంకా కనీసం పదేళ్లుంది. ఈ పదేళ్లలో మీరు చేయాల్సిన పని ఒకటే, పిల్ల కాళ్లు విరగకుండా, దూకాలన్న కోరిక చావకుండా చూడటం. రెండూ మన ఊళ్లో రోజూ జరుగుతున్నవే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

నా సంగతి చెప్తాను. పదహారేళ్లప్పుడు నాకున్న కోచ్ (పేరెందుకు, ఆయన మంచే కోరాడు) సెలక్షన్స్ దగ్గరికొచ్చాయని నాలుగు వారాలు రోజూ తారురోడ్డు మీద ఒంటికాలి గెంతులు పెట్టించాడు. రెండో వారంలో ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ప్రాణం పోయేది. "జంపర్‌కి నొప్పి ఉండదా" అన్నాడు. నేనూ నిజమే అనుకున్నాను. సెలక్షన్ రోజు రెండో దూకుకి కాలు మోపలేకపోయాను. ఎముక బీటలు వారింది. ఏడు నెలలు ఇంట్లో. తిరిగొచ్చాక దూకడం వచ్చింది గానీ బోర్డు దగ్గర భయం పోవడానికి మూడేళ్లు పట్టింది. కాబట్టి మీరు కోచ్‌ని వెతికేటప్పుడు మొదటి ప్రశ్న "ఎంత దూకిస్తారు" అని అడగొద్దు, "నొప్పి అంటే ఏం చేస్తారు" అని అడగండి. మొహం చిట్లిస్తే చెప్పులేసుకుని వచ్చేయండి.

బీచ్ గురించి కూడా. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే పిల్లల్ని ఇసకలో పరిగెత్తించడం మన వాళ్లకి మోజు. మెత్తటి ఇసక పిక్కలకి మంచిదే, వారానికోసారి కాసేపు. కానీ నీళ్ల పక్కన గట్టి ఇసక సముద్రంవైపు వాలుగా ఉంటుంది. ఆ వాలు మీద ఒకే దిక్కున కిలోమీటర్లు పరిగెడితే ఒక చీలమండ లోపలికీ ఒకటి బయటికీ వంగుతుంది, తర్వాత తుంటి నొప్పి. పరిగెత్తితే వెళ్లినంత దూరం తిరిగి అదే వాలు మీద రావాలి. సింహాచలం మెట్లు ఎక్కడం బలానికి మంచిది. దిగేటప్పుడు మాత్రం పరిగెత్తనివ్వకండి, మోకాళ్లు అక్కడే అరుగుతాయి. అప్పన్న దర్శనం చేసుకుని, బస్సులో కిందికి రమ్మనండి.

ఇప్పుడు ఆడపిల్లల విషయం, మాస్టార్లు మాట్లాడటానికి సిగ్గుపడేది. పెద్దమనిషయ్యాక ఏడాది రెండేళ్లు చాలామంది పిల్లల దూరం పెరగదు, కొందరికి తగ్గుతుంది కూడా. ఒళ్లు మారుతుంది, ఎత్తు పెరుగుతుంది, బరువు వచ్చే చోట్లు మారతాయి, పాత రనప్ కుదరదు. అప్పుడే "దీని పని అయిపోయింది" అని వదిలేస్తారు, లేకపోతే "తిండి తగ్గించు" అంటారు. రెండోది ఇంకా ప్రమాదం. శ్రమకి తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది, నెలసరి ఆగితే ఎముక పలచబడుతుంది, ఆ ఎముక మీద గెంతితే బీటలు వారుతుంది. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, "ఆటలాడే పిల్లలకి మామూలే" అనే మాట నమ్మొద్దు. రక్తంలో ఇనుము చూపించండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో "బద్ధకం" అని తిట్లు తినేవాళ్లలో చాలామందికి ఉన్నది రక్తం తక్కువే.

తిండికి పెద్ద ఖర్చేం లేదు. చోడి (రాగి) అంబలి, రెండు గుడ్లు, పప్పు, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోవడం. కవళ్లు, కానాగంతల్లాంటి చేపలు మన రేవులో దొరుకుతాయి, ఖరీదైన వంజరం అక్కర్లేదు. ప్రాక్టీస్ అయిన అరగంటలో అరటిపండు, గుడ్డు. డబ్బాల పౌడర్లు మాత్రం వద్దు. అందులో ఏం కలిపారో అమ్మేవాడికీ తెలీదు, రేపు టెస్టులో దొరికితే "నాకు తెలీదు" అన్నా నిషేధం తప్పదు. వయసు తగ్గించి సర్టిఫికెట్ చేయిస్తామని ఎవరన్నా వస్తే గేటు దగ్గరనుంచే పంపేయండి. ఎముకల ఎక్స్‌రే తీసి వయసు చూస్తున్నారు ఇప్పుడు.

ఈ ఒళ్లు, గాయం మాటల్లో అంజూ విషయం ఒకటి చెప్పాలి. ఆట మానేసిన చాలా ఏళ్లకి, 2020లో, తను ఒకే కిడ్నీతో ప్రపంచ స్థాయికి చేరానని ఆమే బయటపెట్టింది. నొప్పి మాత్ర కూడా పడని ఒళ్లట, టేకాఫ్ కాలు కూడా దెబ్బతిన్నదట. మా గట్టు మీద ఈ కథ చెప్పి "చూశావా, నొప్పి ఓర్చుకోవాలి" అనే తండ్రులున్నారు. నాకు ఇందులో అర్థమైంది వేరు. నొప్పి మాత్ర వేసుకునే వీలు లేని మనిషి తన ఒంటిని ఎంత జాగ్రత్తగా విని ఉంటుందో ఆలోచించండి.

మీ అత్తగారి మాటకి జవాబు తేలిక. అంజూకి పెళ్లయింది 2000లో. నేను పైన రాయించిన పతకాల కాగితం తీసి చూపించండి, 2002నుంచి 2006 దాకా ప్రతి ఒక్కటీ పెళ్లయ్యాక వచ్చిందే. ఆవిడ ఒప్పుకుంటారని కాదు, కాసేపు ఆలోచిస్తారు.

"చదువు తర్వాత చూసుకోవచ్చు" అన్న మాస్టారితో మాత్రం నేను గట్టిగా విభేదిస్తాను. అంజూ, జ్యోతి లాంటివాళ్లు దేశానికి ఎంతమంది? లాంగ్ జంప్‌లో అంజూ 6.83 ఇది రాస్తున్న రోజు దాకా ఎవరూ దాటలేదు. ఆమె, బాబీ కలిసి బెంగళూరులో తయారుచేసిన శైలీ సింగ్ ఉంది. 2021లో పదిహేడేళ్లకి నైరోబీలో ప్రపంచ అండర్-20 రజతం, 6.59, స్వర్ణం ఒక్క సెంటీమీటర్‌లో పోయింది. 2023లో 6.76 దూకింది. అదే ఏడు ఆన్సీ సోజన్ 6.63తో హాంగ్‌ఝౌలో రజతం తెచ్చింది. ఇద్దరూ అద్భుతమైన పిల్లలు, అయినా 6.83 అక్కడే ఉంది. మిగతా మా బోటివాళ్లకి ఆట ఇచ్చేది ఉద్యోగం. రైల్వేలు, పోలీసు, ప్రభుత్వరంగ సంస్థల స్పోర్ట్స్ కోటా. ఆ కోటాకీ డిగ్రీయో ఇంటరో అడుగుతారు. అంజూకి కూడా కస్టమ్స్‌లో ఉద్యోగం ఉండేది. నా ఇల్లు గడిచింది నా 5.90లతో కాదు, వాటికి తోడున్న బీకామ్‌తో.

డబ్బు సంగతి. మొదటి రెండేళ్లు పెద్ద ఖర్చు లేదు. మంచి పరుగు బూట్లు ఒక జత, తర్వాత స్పైక్స్ (అడుగున మేకులున్న బూట్లు). స్పైక్స్ మొదట్లోనే ఖరీదైనవి కొనకండి, ఈ వయసులో ఆరునెలలకోసారి పాదం పెరుగుతుంది. అసలు ఖర్చు పదహారు, పదిహేడేళ్లకి మొదలవుతుంది: మీట్లకి ప్రయాణాలు, ఫిజియో, తిండి. అప్పటికి పిల్ల నిజంగా ఆ స్థాయికి వస్తే ఖేలో ఇండియాకి ఎంపికైనవాళ్లకి నెలకి 10,000 రూపాయల చేతిఖర్చు వస్తుంది. ఇంకా పైకి, ఒలింపిక్స్ దృష్టిలో పెట్టుకుని ఎంపిక చేసే టాప్స్ పథకం కోర్ గ్రూపులో నెలకి 50,000. ఆ రెండోదాని గురించి ఇప్పుడు ఆలోచించొద్దు, తెలిసుంటే మంచిదని చెప్పాను.

హాస్టల్‌కి పంపాలా అంటే, ఇప్పుడు వద్దు. జ్యోతి ఇల్లు వదిలింది పదో తరగతి దాటాకే. పదమూడేళ్ల పిల్లకి అమ్మ వండిన అన్నం, రాత్రి తొమ్మిది గంటలపాటు నిద్ర ఏ హాస్టలూ ఇవ్వదు. గాజువాకనుంచి ఉక్కునగరం మీకు పక్కనే, మైదానాలున్నాయి. ఇటువైపు వస్తే ఆంధ్రా యూనివర్సిటీ, పోర్టు స్టేడియం. వారానికి నాలుగు రోజులు చాలు.

ఆ నాలుగు రోజుల్లో లాంగ్ జంప్ ఒక్కటే చేయించే కోచ్ అయితే నాకు అనుమానం. అంజూ హెప్టాథ్లాన్‌నుంచి వచ్చింది. జాకీ జాయ్‌నర్-కెర్సీ 1988 సియోల్‌లో హెప్టాథ్లాన్‌లో 7,291 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టి, అదే ఒలింపిక్స్‌లో 7.40తో లాంగ్ జంప్ స్వర్ణం కూడా తీసుకెళ్లింది. పిల్లని హర్డిల్స్ మీద పరిగెత్తనివ్వండి, హై జంప్ చేయనివ్వండి, గుండు విసరనివ్వండి. జిల్లాల జాతీయ మీట్‌లో అండర్-14 పిల్లలకి ట్రయథ్లాన్ పెట్టింది ఇందుకే, ఒక పిల్ల మూడు ఈవెంట్లు చేయాలి. మీ పాపకి అది సరిగ్గా సరిపోతుంది. దూకిన తర్వాత దిగడం కూడా నేర్పించాలి. పెద్దమనిషైన పిల్లల్లో మోకాలి లిగమెంట్ తెగడం మగపిల్లల్లో కన్నా ఎక్కువ, మోకాళ్లు లోపలికి వాలుతూ దిగడం దానికి ఒక కారణం. అద్దం ముందు నిలబెట్టి చిన్న పీట మీంచి గెంతించండి, మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలుతున్నాయేమో మీకే కనిపిస్తుంది. రోజూ అయిదు నిమిషాల పని.

ట్రిపుల్ జంప్ గురించి మాస్టారు ఏమన్నా అంటే పదహారు దాటేదాకా వద్దనండి. అందులో ఒకే కాలి మీద పడే దెబ్బ లాంగ్ జంప్ కన్నా ఎక్కువ.

ఇంక ఒక్కటి మిగిలింది, మీరు రాయనిది. ఆ 4.62 దూకినప్పుడు పాప మొహం ఎలా ఉంది? ఇంటికొచ్చి మంచం మీంచి గెంతుతోందా, లేక పక్కింటి వాళ్లకి మీరు చెప్తుంటే లోపలికి వెళ్లిపోతోందా? మీ ఉత్తరమంతా మాస్టారు అన్నది, అత్తగారు అన్నది ఉంది. పాప ఏమందో లేదు. కనుక్కుని, రక్త పరీక్ష చేయించి, ఆ రెండూ రాయండి. వంద మీటర్ల టైము కూడా.